గోపీ సార్ లెక్క

3 నెలలు. రియో ఒలింపిక్స్‌కు ముందు పీవీ సింధు చేతిలో సెల్‌ఫోన్ లేని కాలం అది. 2016 ఆగస్టు 19న బ్యాడ్మింటన్ మహిళల సింగిల్స్ ఫైనల్లో కరోలినా మారిన్ మీద మొదటి గేమ్ 21-19తో గెలిచి, తర్వాతి రెండూ 12-21, 15-21తో ఓడి, వెండి పతకంతో సింధు బయటికొచ్చాక ఆమె కోచ్ పుల్లెల గోపీచంద్ విలేకరులతో చెప్పిన మొదటి మాటల్లో ఈ సంగతి ఉంది. ముందు ఫోను తిరిగిచ్చేస్తానన్నాడు. చివరి 12, 13 రోజులుగా తీపి పెరుగు, ఐస్‌క్రీమ్ కూడా తిననివ్వలేదని, ఇక ఏది కావాలంటే అది తినొచ్చని నవ్వుతూ చెప్పాడు. దేశమంతా నవ్వింది.

ఆ అమ్మాయికి అప్పటికి 21 ఏళ్లు. ఓటు హక్కు వచ్చి మూడేళ్లు దాటింది. ఆ వయసు మనిషి ఫోన్ ఇంకొకరు తీసి దాచడమేమిటని తెలుగిళ్లలో పెద్దగా ఎవరూ అడగలేదు. అడగకపోవడానికి కారణం ఉంది. పదో తరగతి పరీక్షలు అయిన మర్నాడే పిల్లల్ని కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో వేసి, తెల్లవారుజామున లేపే వార్డెన్‌కీ, ఆదివారం పది నిమిషాల ఫోను మాటకీ అలవాటు పడ్డవాళ్లం మనం. ర్యాంకు కోసం మనం ఒప్పుకున్నదాన్నే గోపీచంద్ పతకం కోసం చేశాడు. అందుకే అది మనకు క్రూరత్వంలా అనిపించలేదు, శ్రద్ధలా అనిపించింది.

ఆ శ్రద్ధ ఎక్కడిదాకా శ్రద్ధ, ఎక్కడ దాటితే ఇంకొకటి? అంకెలు పెట్టి చూస్తే కొంత తేలుతుంది. పక్కన పెట్టి చూడటానికి ఇంకో కోచ్ కూడా ఉంది. గోపీచంద్ అప్పటి ప్రకాశం జిల్లా నాగండ్లలో 1973 నవంబర్ 16న పుట్టాడు. సరిగ్గా 100 రోజుల తర్వాత, 1974 ఫిబ్రవరి 24న, మాస్కోలో ఎటెరి టుట్‌బెరిడ్జె పుట్టింది. మంచు మీద చేసే ఫిగర్ స్కేటింగ్‌లో ఈ కాలపు అత్యంత విజయవంతమైన కోచ్ ఆమే, అత్యంత వివాదాస్పదమైన కోచ్ కూడా ఆమే. ఇద్దరిదీ ఒకే వయసు. ఇద్దరికీ పేరు తెచ్చింది ఆడపిల్లల పతకాలే. ఇద్దరి గురించీ జనం మొదట చెప్పే మాట ‘కఠినం’. తర్వాతి లెక్కలే వేరు.

మోకాలు, ఇల్లు, 5 ఎకరాలు

గోపీచంద్ ఆట గురించి త్వరగా చెప్పేస్తాను. హైదరాబాద్‌లో ఎస్.ఎం. ఆరిఫ్ దగ్గర నేర్చుకున్నాడు. ఆరిఫ్ సాబ్ అంటే అప్పటి షటిల్ కుర్రాళ్లకు భయం, భక్తి రెండూ. 1994లో పుణె జాతీయ క్రీడల్లో డబుల్స్ ఆడుతుండగా గోపీచంద్ మోకాలి లిగమెంట్ తెగింది. శస్త్రచికిత్సలయ్యాయి. ఆ మోకాలితోనే 1996 నుంచి 2000 దాకా వరసగా 5 సార్లు జాతీయ ఛాంపియన్ అయ్యాడు. 2001 మార్చి 11న బర్మింగ్‌హామ్‌లో ఆల్ ఇంగ్లండ్ ఫైనల్లో చైనాకు చెందిన చెన్ హాంగ్‌ను 15-12, 15-6తో ఓడించాడు. 1980లో ప్రకాశ్ పదుకొణె గెలిచాక 21 ఏళ్లకు వచ్చిన టైటిల్ అది. అప్పటికి గోపీచంద్ వయసు 27. ఆ గెలుపు తర్వాత కూల్‌డ్రింక్ ప్రకటన వస్తే, తాను తాగనిదాన్ని పిల్లల్ని తాగమని చెప్పనని వదులుకున్నాడు. ఆ రోజుల్లో షటిల్ ఆటగాడికి అలాంటి డబ్బు మళ్లీ వస్తుందన్న భరోసా ఏమీ లేదు. ఆ మనిషి స్వభావంలో ఒక మొండి పట్టు ఉందని తెలియడానికి ఇది చాలు.

అసలు కథ దాని తర్వాతది. 2003లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గచ్చిబౌలిలో 5 ఎకరాలు లీజుకిచ్చింది. భూమి వచ్చింది గానీ కట్టడానికి డబ్బు రాలేదు. షటిల్‌కు డబ్బు పెట్టే కంపెనీలు దేశంలో లేవు. ఇల్లు తాకట్టు పెట్టాడు. పారిశ్రామికవేత్త నిమ్మగడ్డ ప్రసాద్ 5 కోట్లు ఇచ్చాడు. ఆయన పెట్టిన షరతు ఒక్కటే: ఒలింపిక్ పతకం రావాలి. 2008లో 8 కోర్టులతో అకాడమీ తెరిచారు. దానికి రెండేళ్ల ముందే, 2006లో, గోపీచంద్ జాతీయ కోచ్ అయ్యాడు. ఈ రెండు తేదీలనూ గుర్తుపెట్టుకోండి. ఆయన మీద వచ్చిన అసలు ఫిర్యాదులన్నీ ఈ రెండూ కలిసిన చోటే పుట్టాయి.

షరతు నెరవేరడానికి అకాడమీ తెరిచాక నాలుగేళ్లు పట్టింది. 2012 ఆగస్టు 4న లండన్‌లో సైనా నెహ్వాల్‌కు కంచు పతకం. అవతలి అమ్మాయి వాంగ్ షిన్ మొదటి గేమ్ 21-18తో గెలిచి, మోకాలు పట్టేసి రెండో గేమ్ మొదట్లోనే తప్పుకుంది. అదృష్టం అన్నవాళ్లున్నారు. సెమీస్ దాకా అదృష్టం ఎవరినీ మోసుకెళ్లదు. తర్వాత 2016లో సింధు వెండి. 2017లో కిడాంబి శ్రీకాంత్ ఇండోనేషియా, ఆస్ట్రేలియా, డెన్మార్క్, ఫ్రాన్స్ సూపర్ సిరీస్ టైటిళ్లు నాలుగూ ఒకే ఏడాది గెలిచాడు. గుంటూరు కుర్రాడు. డబుల్స్ ఆడుతుంటే సింగిల్స్‌కు మార్చింది గోపీచందే. 2018 ఏప్రిల్‌లో ప్రపంచ నంబర్ 1 అయ్యాడు. 2019 ఆగస్టు 25న బాసెల్‌లో సింధు ప్రపంచ ఛాంపియన్ అయింది, నొజోమి ఒకుహారాను 21-7, 21-7తో 38 నిమిషాల్లో ముగించి. రెండేళ్ల ముందు ఇదే ఒకుహారాతో ఇదే టోర్నీ ఫైనల్ 110 నిమిషాలు సాగి సింధు ఓడింది. 110 నుంచి 38కి దిగడమంటే ఏమిటో ఆట చూసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

అరిచేదాకా రాకెట్ ముట్టొద్దు

పద్ధతుల గురించి గోపీచంద్ తానే చెప్పిన సంగతి ఒకటి ఉంది. ఫోనుకన్నా ఇది నాకు ఎక్కువ గుర్తుండిపోయింది.

సింధు మెతక మనిషి. పాయింట్ గెలిచినా నోరు మెదపదు. అవతల మారిన్ లాంటివాళ్లు ప్రతి పాయింటుకూ కోర్టు దద్దరిల్లేలా అరుస్తారు. ఆ దూకుడు ఈ అమ్మాయిలో రావాలంటే ఏం చేయాలి? ఒకరోజు అకాడమీలో కోర్టు మధ్యలో నిలబెట్టి గట్టిగా అరవమన్నాడు. చుట్టూ 50 మంది దాకా ఆటగాళ్లు, కోచ్‌లు. అరవందే రాకెట్ ముట్టుకోవడానికి వీల్లేదన్నాడు. ఆ అమ్మాయి ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి చివరికి అరిచింది.

రియోలో సింధు ప్రతి పాయింటుకూ పిడికిలి బిగించి అరవడం కోట్లమంది టీవీల్లో చూశారు. సెమీస్‌లో ఒకుహారా మీద రెండో గేమ్‌లో వరసగా 11 పాయింట్లు లాగినప్పుడు ఆ అరుపులు స్టేడియం నిండా వినిపించాయి. అంటే మందు పనిచేసింది. పనిచేసింది కాబట్టే మనం దీన్ని మంచి కథగా చెప్పుకుంటున్నాం. అదే కోర్టు చుట్టూ నిలబడ్డ 50 మందిలో ఎవరినైనా రేపు అలాగే నిలబెట్టి, ఆ పిల్ల అరవలేక సంచి సర్దుకుని ఇంటికి పోతే, ఆ కథ ఎవరి నోటా వినబడదు. పతకం వచ్చిన పద్ధతికి సాక్షులుంటారు. రాని పద్ధతికి ఉండరు. కోచింగ్ గురించి మాట్లాడేటప్పుడు మన దగ్గర ఉండే అంకెల్లో మొదటి లోపం ఇదే.

గోపీచంద్ పక్షాన చెప్పాల్సింది కూడా ఉంది. ఆయన శిష్యులకు పెట్టిన నియమాల్లో చాలావాటిని తానూ పాటించాడు. తెల్లవారుజామున 4, 4:30కే కోర్టులో ఉంటాడని అకాడమీలో పెరిగిన ప్రతి పిల్లా చెబుతుంది. సర్జరీలైన మోకాలితో తానే దిగి వాళ్లకు ఎదురు ఆడేవాడు. తాను నిద్రపోతూ పిల్లల్ని లేపే వార్డెన్ కాదు. ఈ మాట నియమాన్ని సమర్థించదు గానీ, అది పెట్టిన మనిషి మీద పిల్లలకు నమ్మకం ఎందుకు నిలిచిందో చెబుతుంది.

11.5 పాయింట్ల గెంతు

ఇప్పుడు మంచు మీదికి పోదాం. మనకు అంతగా తెలియని ఆట కాబట్టి లెక్క కాస్త నిదానంగా చూడాలి.

ఫిగర్ స్కేటింగ్‌లో ఒక్కో గెంతుకూ ఒక మూల విలువ ఉంటుంది. లుట్జ్ అనే గెంతు గాల్లో మూడు చుట్లు తిరిగితే 5.9 పాయింట్లు. నాలుగు చుట్లు తిరిగితే 11.5. ఒక్క చుట్టు ఎక్కువైతే దాదాపు రెట్టింపు. గాల్లో ఉండేది సెకను కూడా కాదు. ఆ కాస్త కాలంలో నాలుగు చుట్లు తిరగాలంటే ఒళ్లు బొంగరంలా సన్నగా, నడుము ఇరుకుగా, బరువు తక్కువగా ఉండాలి. ఆడపిల్లల్లో అలాంటి ఒళ్లు పదమూడు, పద్నాలుగేళ్లకు ఉంటుంది. పదిహేడు దాటాక మెల్లగా పోతుంది. టుట్‌బెరిడ్జె కనిపెట్టిన రహస్యం పెద్దదేమీ కాదు. పాయింట్ల పట్టిక ఏ వయసు పిల్లను అడుగుతోందో ఆమె అందరికన్నా ముందు చదివింది.

ఇంకో నిబంధన చూడండి. ప్రదర్శన రెండో సగంలో చేసిన గెంతులకు 10 శాతం అదనం ఇచ్చేవారు, అలసిపోయాక చేయడం కష్టం కాబట్టి. 2018 శీతాకాల ఒలింపిక్స్‌లో టుట్‌బెరిడ్జె శిష్యురాలు, 15 ఏళ్ల అలీనా జగితోవా తన గెంతులన్నీ రెండో సగంలోనే పెట్టింది. మొదటి సగంలో ఒక్కటీ లేదు. ఆమెకు 239.57. రెండో స్థానంలో ఎవ్‌గేనియా మెద్వెదెవాకు 238.26. తేడా 1.31. ఇద్దరూ ఒకే కోచ్ శిష్యులు. తర్వాత అంతర్జాతీయ స్కేటింగ్ సమాఖ్య ఆ నిబంధనను కుదించింది: సుదీర్ఘ ప్రదర్శనలో చివరి మూడు గెంతులకే అదనం అంది. ఒక కోచ్ ఆడిన తీరుకు ఆటే తన పట్టిక మార్చుకోవాల్సి వచ్చింది.

ఆమె శిష్యురాళ్ల వయసులు వరసగా చదవండి. జూలియా లిప్నిట్స్‌కయా 2014లో 15 ఏళ్లకు జట్టు స్వర్ణం గెలిచింది, తిండి మానేసే జబ్బుకు చికిత్స తీసుకుని 19 ఏళ్లకు ఆట వదిలేసింది. జగితోవా 15కు స్వర్ణం గెలిచి, 17కు పోటీలకు విరామం ప్రకటించింది. అన్నా షెర్బకోవా 17కు స్వర్ణం, 2022లో. అదే రోజు 17 ఏళ్ల అలెగ్జాండ్రా ట్రుసోవా ఒకే ప్రదర్శనలో నాలుగు చుట్ల గెంతులు ఐదు చేసి కూడా రెండో స్థానంలో నిలిచి, ఈ ఆటంటే అసహ్యమని అందరి ముందే ఏడ్చింది. ఇక కమీలా వలియేవా. 15 ఏళ్లు. 2021 డిసెంబర్ 25న ఇచ్చిన నమూనాలో ట్రైమెటాజిడిన్ దొరికింది. గుండె జబ్బుకిచ్చే మందు అది. ఆ సంగతి ఒలింపిక్స్ మధ్యలో బయటపడింది. తాత్కాలికంగా ఆడనిచ్చారు. సుదీర్ఘ ప్రదర్శనలో పిల్ల పడుతూ లేస్తూ ముగించి బయటికొస్తే, కోచ్ దగ్గరికి తీసుకోవడానికి బదులు ఎందుకు పోరాడటం ఆపేశావని నిలదీయడం కెమెరాలకు చిక్కింది. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ అప్పటి అధ్యక్షుడు థామస్ బాక్ మర్నాడు ఆ దృశ్యం చూసి కలత చెందానన్నాడు. 2024 జనవరి 29న క్రీడా న్యాయస్థానం 4 ఏళ్ల నిషేధం వేసింది. వేసింది ఆ అమ్మాయి మీద. 15 ఏళ్ల పిల్ల గుండె మందు దుకాణానికి తనే వెళ్లి కొనుక్కుందని నమ్మేవాళ్లు ఎందరుంటారో తెలియదు గానీ, శిక్ష మాత్రం ఆమెకే.

2022 జూన్‌లో అంతర్జాతీయ స్కేటింగ్ సమాఖ్య కనీస వయసును 15 నుంచి దశలవారీగా 17కు పెంచింది. ఓట్లు 100-16. కోచ్‌లకు నీతి బోధించే బదులు వయసు అంకె మార్చారు. నా దృష్టిలో ఆ ఏడాది ఆ ఆటలో జరిగిన తెలివైన పని అదే.

ఎదగడం లాభమా, నష్టమా

ఇదే పట్టీని గోపీచంద్ శిష్యుల మీద పెట్టి చూద్దాం. సైనా కంచు పతకం నాటికి 22. శ్రీకాంత్ నంబర్ 1 అయ్యేసరికి 25. సింధు ప్రపంచ టోర్నీలో మొదటి కంచు 18కు, ఒలింపిక్ వెండి 21కి, ప్రపంచ స్వర్ణం 24కు, రెండో ఒలింపిక్ పతకం 26కు. హెచ్.ఎస్. ప్రణయ్ 2023లో ప్రపంచ టోర్నీ కంచు గెలిచేసరికి 31. స్కేటింగ్ అమ్మాయికి 31 అంటే ఆట మానేసి పదేళ్లు దాటే వయసు.

ఇది గోపీచంద్ మంచితనం వల్ల వచ్చిన తేడా అనుకుంటే పొరపాటు. షటిల్ కోర్టు 13.4 మీటర్ల పొడవు. వల మధ్యలో 1.524 మీటర్ల ఎత్తు. ఆ కొలతల్లో పొడుగు మనిషికి లాభం. సింధు దాదాపు 179 సెంటీమీటర్లు. ఆమె ఎదిగిన ప్రతి అంగుళం స్మాష్ కోణంలో కలిసొచ్చింది. షటిల్ కోచ్‌కు శిష్యురాలు ఎదగడం కావాలి, కండ పట్టడం కావాలి, పదేళ్లు నిలవడం కావాలి. మంచు మీది కోచ్‌కు పిల్ల ఎదగడమే శత్రువు. పద్ధతులు రెండు చోట్లా కఠినమే. ఒకచోట కాలం కోచ్‌తో కలిసి పనిచేసింది, ఇంకోచోట కోచ్ కాలంతో పోటీ పడింది. కోచ్ ఎంత తిడతాడు అన్నదానికన్నా, ఆ ఆట పాయింట్లు పిల్ల ఒంటిని ఏం అడుగుతున్నాయన్నది ముందు చూడాలని నేనంటాను.

కాబట్టి ఫోను, పెరుగు, అరుపు గురించి గోపీచంద్‌ను ఎటెరి పక్కన నిలబెట్టేవాళ్లతో నేను ఏకీభవించను. ఆయన మీద గట్టి ప్రశ్న వేరే ఉంది.

ఒకే మనిషి, మూడు కుర్చీలు

2006 నుంచి జాతీయ కోచ్. 2008 నుంచి సొంత అకాడమీ యజమాని. జాతీయ శిబిరం చాలా ఏళ్లు ఎక్కువగా హైదరాబాద్‌లోనే జరిగింది. జట్టు ఎంపికలో కోచ్ మాటకు బరువుంటుంది. శిక్షణ ఇచ్చే కుర్చీ, పిల్లలను చేర్చుకునే కుర్చీ, జట్టులో ఎవరుండాలో చెప్పే కుర్చీ ఒక్కరివే అయినప్పుడు, ఆ అకాడమీలో లేని ఆటగాడికి న్యాయం జరిగినా జరిగినట్టు కనబడదు.

ఈ మాట గట్టిగా అన్నది డబుల్స్ క్రీడాకారిణి గుత్తా జ్వాల. విచిత్రమేమిటంటే ఆమె కూడా ఆరిఫ్ సాబ్ శిష్యురాలే. ఒకే గురువు దగ్గర నేర్చుకున్న ఇద్దరు హైదరాబాదీల మధ్య నడిచిన తగువు ఇది. జ్వాల, అశ్వినీ పొన్నప్ప జోడీ 2010 కామన్వెల్త్ స్వర్ణం, 2011 ప్రపంచ టోర్నీ కంచు తెచ్చింది. డబుల్స్‌ను సవతి బిడ్డలా చూస్తున్నారని, జాతీయ కోచ్‌కు సొంత అకాడమీ ఉండకూడదని ఆమె ఏళ్ల తరబడి బహిరంగంగానే అంది. 2012లో మహారాష్ట్ర డబుల్స్ క్రీడాకారిణి ప్రజక్తా సావంత్ మానసికంగా వేధించారంటూ బాంబే హైకోర్టుకే వెళ్లింది. ఆరోపణలు ఆరోపణలే. కానీ ప్రైవేటు అకాడమీ నడిపే మనిషి జాతీయ కోచ్‌గా ఉండవచ్చా అన్న ప్రశ్న కోర్టు మెట్లెక్కిందంటే, ఆ ప్రశ్నను అడిగే చోటు బ్యాడ్మింటన్ సమాఖ్యలో లేకపోవడం వల్లే.

డబుల్స్ లెక్క కూడా చూడాలి. ఒలింపిక్స్ బ్యాడ్మింటన్‌లో 5 విభాగాలు. ఇండియాకు ఇప్పటిదాకా వచ్చిన 3 పతకాలూ ఒక్క విభాగంలోవే, మహిళల సింగిల్స్‌లో. మిగతా నాలుగింటిలో సున్నా. దీన్ని సింగిల్స్ ఫలితంగానూ చదవొచ్చు, డబుల్స్ నిర్లక్ష్యంగానూ చదవొచ్చు. జ్వాల అన్నదాంట్లో నిజముందనడానికి తర్వాతి చరిత్రే సాక్ష్యం. డబుల్స్‌కు ప్రత్యేకంగా విదేశీ కోచ్‌లను తెచ్చాక అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్, చిరాగ్ శెట్టి జోడీ 2023లో ప్రపంచ నంబర్ 1 అయింది. 2022 మే 15న థామస్ కప్ ఫైనల్లో 14 సార్లు విజేత ఇండోనేషియాను 3-0తో ఓడించినప్పుడు, ఆ మూడు గెలుపుల్లో ఒకటి ఈ జోడీది. అదే అకాడమీ కోర్టుల్లో అరిగిన బూట్లతోనే ఆ పని జరిగిందన్నది కూడా నిజం.

పోయినవాళ్లు, తిరిగొచ్చినవాళ్లు

గురువును వదిలి వెళ్లే హక్కు శిష్యులకు ఎంతుందో చూస్తే ఆ వ్యవస్థ ఆరోగ్యం తెలుస్తుంది. 2014 సెప్టెంబర్‌లో సైనా గోపీచంద్‌ను వదిలి బెంగళూరులో విమల్ కుమార్ దగ్గరికి వెళ్లింది. ఆరు నెలలకు ఆల్ ఇంగ్లండ్ ఫైనల్. ఏడో నెలలో ప్రపంచ నంబర్ 1. పదకొండో నెలలో ప్రపంచ టోర్నీ వెండి. గోపీ సార్ లేకపోతే ఏమీ లేదన్న మాట ఆ పదకొండు నెలల్లో తేలిపోయింది. 2017 సెప్టెంబర్‌లో ఆమే తిరిగొచ్చింది. 2018 ఏప్రిల్‌లో కామన్వెల్త్ ఫైనల్లో సింధును 21-18, 23-21తో ఓడించింది.

2020లో వచ్చిన ‘డ్రీమ్స్ ఆఫ్ ఏ బిలియన్’ పుస్తకంలో గోపీచంద్ ఆ గాయం దాచుకోలేదు. సైనాను వెళ్లవద్దని బతిమాలానని, తనకు దగ్గరైనదాన్ని ఎవరో లాక్కుపోయినట్టు అనిపించిందని చెప్పుకున్నాడు. ప్రకాశ్ పదుకొణె తన గురించి ఎప్పుడూ ఒక మంచి మాట అనలేదని బాధపడ్డాడు. సైనా నిర్ణయంలో తమ పాత్ర లేదని పదుకొణె అకాడమీ జవాబిచ్చింది. ఆడపిల్ల పుట్టింటి నుంచి పోయినట్టు ఒక వయోజన క్రీడాకారిణి కోచ్ మార్చుకోవడం గురించి ఇంతమంది పెద్దమనుషులు వివరణలు ఇచ్చుకోవాల్సి రావడమే నాకు వింతగా తోచింది. ఎటెరి శిష్యురాళ్లూ ఇలాగే పోయి వచ్చారు: మెద్వెదెవా 2018లో కెనడా వెళ్లి 2020లో తిరిగొచ్చింది, ట్రుసోవా 2020లో వెళ్లి మరుసటేడే వెనక్కి వచ్చింది. మంచి సౌకర్యాలున్న చోటు ఒక్కటే అయినప్పుడు, వెళ్లడం నిరసన అవుతుంది గానీ దారి కాదు.

సింధు విషయంలో ఆ దారి కాస్త వెడల్పయింది. 2021లో ఆమె గచ్చిబౌలి స్టేడియంలో కొరియా కోచ్ పార్క్ టే-సాంగ్ దగ్గర శిక్షణ తీసుకుంది. అదే ఏడాది ఆగస్టు 1న టోక్యోలో హి బింగ్‌జియావోను 21-13, 21-15తో ఓడించి కంచు తెచ్చింది. గోపీచంద్ టోక్యో వెళ్లలేదు. జ్వాల 2020లో హైదరాబాద్ దగ్గర మొయినాబాద్‌లో తన అకాడమీ తెరిచింది. ఒక్క గేటు ఉన్న ఊళ్లో మరికొన్ని గేట్లు తెరుచుకున్నాయి. గోపీచంద్ పద్ధతుల మీద ఎన్ని సంపాదకీయాలు రాసినా రాని మార్పు ఇది.

వెల్దుర్తి నుంచి గచ్చిబౌలికి

హైదరాబాద్‌లో గేట్లు ఎన్నయినా, ఈ కథలో మన పల్నాడు పిల్లలెక్కడ? మన వెల్దుర్తి వైపు చలికాలం సాయంత్రాల్లో రెండు కర్రలు పాతి, వల కట్టి, సున్నంతో గీతలు గీసి, బల్బులు వేలాడదీసి షటిల్ ఆడతారు. ప్లాస్టిక్ కాక్‌తో. గాలి లేస్తే ఆట ఆగుతుంది. మిర్చి కల్లాల కాలం వచ్చేసరికి వల కూడా పోతుంది. పోటీ షటిల్‌కు మాత్రం 16 ఈకల కాక్ కావాలి, బరువు 5 గ్రాముల చుట్టుపక్కల. ఫ్యాన్ గాలికే దారి మారే వస్తువు అది. కాబట్టి గోడలు, ఎత్తైన కప్పు, చెక్క నేల ఉన్న హాలు కావాలి. ఆ హాలు లేకపోతే ఎంత పదునున్న పిల్లకైనా ఆట పెరటి ఆటగానే మిగులుతుంది.

సింధు చిన్నప్పుడు రోజుకు 56 కిలోమీటర్లు తిరిగి అకాడమీకి వచ్చేదని చెబుతారు. ఏడాదికి 300 రోజులనుకున్నా 16,800 కిలోమీటర్లు. వాళ్ల నాన్న పీవీ రమణ, అమ్మ విజయ ఇద్దరూ వాలీబాల్ ఆటగాళ్లు, రైల్వే ఉద్యోగులు. ఆటంటే ఏమిటో తెలిసిన ఇల్లు, నెల జీతం వచ్చే ఇల్లు, హైదరాబాద్‌లోనే ఉన్న ఇల్లు. అయినా అంత తిరుగుడు. వెల్దుర్తి నుంచైతే మాచర్ల పోయి రావడమే ఒక పూట పని. సాగర్ దాటి హైదరాబాద్‌లో పిల్లను పెట్టాలంటే హాస్టలు, చదువు, రాకెట్లు, కాక్‌లు, టోర్నీల రైలు టిక్కెట్లు అన్నీ ఇంటి మీదే. రెండెకరాల మిర్చి మీద ఆ లెక్క నిలవదు.

ఈ సంగతి గోపీచంద్‌కు అందరికన్నా బాగా తెలుసు. 2025 ఫిబ్రవరిలో ఆయన అన్న మాట చాలామందికి మింగుడు పడలేదు: డబ్బున్న ఇల్లు కాకపోతే, ఇంటికి వ్యాపారం లేకపోతే, పిల్లల్ని ఆటల్లో దించకండని. ఆటను పట్టుకున్నవాళ్లలో దాన్నే బతుకుతెరువు చేసుకోగలిగేది ఒక శాతం కన్నా తక్కువన్నాడు. ఇల్లు తాకట్టు పెట్టి అకాడమీ కట్టిన మనిషే ఇలా అన్నాడు. నిరాశ అని కొందరన్నారు. నాకైతే ఆయన చెప్పిన అంకెలన్నిటిలో అదే నిజాయితీగా కనబడింది, ఎందుకంటే అది మిగిలిన 99 మంది గురించి. పతకాల ఫ్లెక్సీల్లో వాళ్లు ఉండరు. రియో తర్వాత తెలంగాణ ప్రభుత్వం సింధుకు 5 కోట్లు, గోపీచంద్‌కు కోటి; ఆంధ్రప్రదేశ్ సింధుకు 3 కోట్లు, గ్రూప్-1 ఉద్యోగం, గోపీచంద్‌కు 50 లక్షలు ప్రకటించాయి. ఇద్దరికీ కలిపి 9 కోట్ల 50 లక్షలు. అందులో ఒక్క రూపాయైనా రాకెట్ మొదటిసారి చేతికిచ్చిన కోచ్‌కు పోయిన జాడ ఆ ప్రకటనల్లో లేదు. సింధుకు ఆ మొదటి కోచ్ సికింద్రాబాద్ రైల్వే ప్రాంగణంలో నేర్పిన మెహబూబ్ అలీ. సైనాకు లాల్ బహదూర్ స్టేడియంలో నానీ ప్రసాద్. 99 మందికి తెలిసే కోచ్‌లు వీళ్లలాంటివాళ్లే.

ఇంత విన్నాక కూడా పిల్లను ఏదైనా అకాడమీలో చేర్చాలనుకునే తల్లిదండ్రులు గేటు దగ్గర ఫ్లెక్సీ మీది పతకాల సంఖ్య చదివి ఊరుకోకుండా, లోపలికెళ్లి అడగాల్సిన అంకెలు కొన్ని ఉన్నాయి. ఐదేళ్ల కిందట చేరినవాళ్లలో ఇప్పటికీ ఆడుతున్నది ఎంతమంది? మానేసినవాళ్లు ఏ వయసులో మానేశారు, దెబ్బ తగిలా, డబ్బు లేకా, ఇష్టం పోయా? ఆటతోపాటు పది, ఇంటర్ పాసైనవాళ్లెందరు? బరువు చూసే యంత్రం ముందు పిల్లను ఎవరు నిలబెడతారు, డాక్టరా, కోచా? ఇంటికి ఫోను వారానికి ఎన్నిసార్లు? కోచ్ మీద ఫిర్యాదు ఉంటే వినేది ఆయన జీతగాడేనా, బయటి మనిషా? వీటికి జవాబులు రాసి పెట్టుకునే అకాడమీ దొరికితే ఫీజు గురించి అప్పుడు మాట్లాడొచ్చు.